విలేకరి పరిశోధకుడు కావాలంటే

బోధన్, ఎడపల్లి, రెంజల్, వర్ని, రుద్రూర్, కోటగిరి వైపు వార్తలు రాసేవాళ్లు, నిజామాబాద్ డెస్కుల్లో పేజీలు పెట్టేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఇన్నేళ్లు ఫీల్డులో తిరిగాం కదా, జర్నలిజంలో పీజీ, పీహెచ్‌డీ చేస్తే అక్కరకొస్తుందా, ఎప్పటికైనా యూనివర్సిటీలో పాఠం చెప్పగలమా అని. అక్కరకొస్తుంది. కాకపోతే వయసు, చేతిలో ఉన్న డిగ్రీ, ఇంటి ఖర్చు చూసుకోకుండా దిగితే అదే చదువు ఆరేళ్లు తినేసి నట్టేట వదిలేస్తుంది. అందుకే లెక్కలూ, నిబంధనలూ చెబుతాను. వాటికంటే ముందు ఇంకొకటి చెప్పాలి. ఈ జిల్లా విలేకరి దగ్గర ఉన్నది, హైదరాబాద్ క్యాంపస్‌లో కూర్చున్న విద్యార్థి దగ్గర లేనిది ఏమిటన్నది.

బోధన్‌లోని శక్కర్‌నగర్ సంగతే తీసుకోండి. అక్కడి నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. నిజాంసాగర్ కాలువ నీళ్లు, వాటి కింద చెరకు, ఆ చెరకు మీద బతికిన ఊళ్లు, ఆ ఊళ్ల మీద నిలిచిన బోధన్ బజారు. 2002లో యాభై ఒక్క శాతం వాటా ప్రైవేటు చేతికి పోయి అది నిజాం దక్కన్ షుగర్స్ అయింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లకు లేఆఫ్ ప్రకటించారు. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం తెరిపించే దారి చూడమని మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేసింది. ఈ ఘట్టాల్లో కొన్నిటికైనా మీరు గేటు దగ్గర నిలబడి వార్త రాసే ఉంటారు. రాసిన కట్టింగులు బీరువాలో ఉండి ఉంటాయి. పీహెచ్‌డీ అనగానే చాలామందికి ఆ కట్టింగులే గుర్తొస్తాయి, సగం పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. ఫ్యాక్టరీకి ఎన్ని బండ్ల చెరకు వచ్చిందన్నది ఒక లెక్క, అందులో చక్కెర రికవరీ ఎంత పడిందన్నది వేరే లెక్క అని ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. యూనివర్సిటీ తూకం వేసేది రికవరీనే. మీ కట్టింగుల్లోంచి ఏ ప్రశ్నకు జవాబు దిగుతుందో అదే పరిశోధన.

'ఫ్యాక్టరీ మూతపడింది' అన్నది వార్త. 'ఫ్యాక్టరీ మూతపడిన వార్తలో ఎవరి మాట ఎంత వచ్చింది' అన్నది పరిశోధన ప్రశ్న. కార్మికుడి మాట ఎన్ని వాక్యాలు, చెరకు రైతు మాట ఎన్ని, యాజమాన్యం ప్రకటన ఎన్ని, నాయకుల హామీలు ఎన్ని? అదే రోజు హైదరాబాద్ మెయిన్ పేజీలో ఏ కోణం పోయింది, జిల్లా పేజీలో ఏ కోణం మిగిలింది? తెలుగు పత్రిక చెప్పింది, ఉర్దూ పత్రిక చెప్పింది ఒకటేనా? 2002లో వాడిన 'నష్టాలు' అన్న మాట 2015 నాటికి ఏమైంది? ఇలా అడగడం మొదలుపెడితే మీరు రాసిన వార్త కూడా మీకు కొత్తగా కనిపిస్తుంది, కొన్నిసార్లు ఇబ్బందిగానూ ఉంటుంది. ఆ ఇబ్బందిని తట్టుకోగలిగితేనే ఈ దారిలోకి రండి.

ప్రశ్నలకు ఈ జిల్లాలో కొదవ లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీచేశారు. వాళ్లలో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. దేశమంతా ఆ వార్త రాసింది. ఆ నామినేషన్ల వెనక రైతుల సమావేశాలను అంతకుముందు ఎంతకాలం ఏ పత్రిక ఏ పేజీలో వేసిందో కూర్చుని చూస్తే మంచి సిద్ధాంత గ్రంథం అవుతుంది. గల్ఫ్ నుంచి వచ్చే శవపేటికల వార్తలు, బీడీలు చుట్టే ఆడవాళ్ల వార్తలు, మండల వాట్సాప్ గ్రూపుల్లో పొద్దునే తిరిగే వార్త సాయంత్రానికి పత్రికలోకి ఎలా వస్తుందన్నది, చివరికి కంట్రిబ్యూటర్ బతుకే, లైన్ అకౌంట్, యాడ్ టార్గెట్, అక్రిడిటేషన్ కార్డు చుట్టూ తిరిగే బతుకు. ఇవన్నీ బయటివాళ్లు వచ్చి పది రోజుల్లో పట్టుకోలేని విషయాలు.

విలేకరులు పరిశోధన చేయలేరన్న మాట నేను ఒప్పుకోను. చెల్లింపు వార్తల మీద దేశంలో చర్చ ముదిరినప్పుడు ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు ఉన్నది మన తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాసరెడ్డి. 2010లో వచ్చిన వాళ్ల నివేదికకు ఆధారాల్లో ఒకటి, 2009 ఎన్నికల తర్వాత వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరి జిల్లాలో చేసిన నమూనా సర్వే. అది ఏ జర్నలిజం విభాగమో చేసింది కాదు, పనిచేసే విలేకరుల సంఘం చేసింది.

ఇక పద్ధతి. ఈ ఒక్కటి రాకే ఎక్కువమంది విలేకరులు పీహెచ్‌డీ ఇంటర్వ్యూ గదిలో తడబడతారు. సిద్ధాంతాల పేర్లు బట్టీపట్టినంత మాత్రాన సరిపోదు, అవి ఎలా పుట్టాయో చూడండి. 1968 అమెరికా ఎన్నికల్లో చాపెల్ హిల్ అనే చిన్న ఊళ్లో మెకోంబ్స్, షా అనే ఇద్దరు, ఎవరికి ఓటెయ్యాలో తేల్చుకోని వంద మందిని మీకు ముఖ్యమైన సమస్యలేవని అడిగారు. ఆ జాబితాను, ఆ ఊరికి వచ్చే పత్రికలు, టీవీ వేటికి ఎక్కువ చోటిచ్చాయో ఆ జాబితాతో పోల్చారు. 1972లో అచ్చయిన ఆ వ్యాసం నుంచే అజెండా సెట్టింగ్ సిద్ధాంతం వచ్చింది. వంద మందిని బోధన్‌లో అడగడం మీకు కష్టమా? అలాగే 1950లో డేవిడ్ మానింగ్ వైట్ ఒకే ఒక్క టెలిగ్రాఫ్ ఎడిటర్ వారం రోజులు ఏ వార్త తీసుకున్నాడు, ఏది పక్కన పడేశాడు, ఎందుకు పడేశాడు అని రాయించుకుని గేట్‌కీపింగ్ అధ్యయనానికి దారి వేశాడు. మీ జిల్లా డెస్కులో రోజూ జరిగేది అదే.

పాత సంచికలు చదివేటప్పుడు అన్నీ చదవలేరు, నచ్చినవి చదివితే అది పరిశోధన కాదు. దానికో ఉపాయం ఉంది. ఏడాదిలోని సోమవారాలన్నిటిలోంచి చీటీ తీసి ఒకటి, మంగళవారాల్లోంచి ఒకటి, అలా ఏడు రోజులూ తీస్తే ఒక కూర్చిన వారం అవుతుంది. రిఫ్, ఆస్ట్, లేసీ 1993లో ఒక స్థానిక దినపత్రిక మీద పరీక్షించి, ఇలాంటి రెండు వారాలు తీస్తే ఏడాది మొత్తానికి సరిపోతుందని తేల్చారు. 2002 నుంచి 2015 దాకా పద్నాలుగేళ్లకు ఏడాదికి పద్నాలుగు సంచికల చొప్పున 196 సంచికలు. జిల్లా పేజీల తీరు మొత్తం ఎలా మారిందో చూడడానికి ఇది చాలు. ఫ్యాక్టరీ లాంటి ఒక్క విషయం కోసమే అయితే ఈ పద్ధతి పనికిరాదు, ఆ రోజుల్లో ఫ్యాక్టరీ వార్తే ఉండకపోవచ్చు. అప్పుడు అమ్మకం, లేఆఫ్, కమిటీ లాంటి ఘట్టాల ముందూ వెనకా కొన్ని వారాలు పూర్తిగా తీసుకోవాలి. ఏ ప్రశ్నకు ఏ నమూనా అన్నది చెప్పగలిగితే ఇంటర్వ్యూలో సగం గెలిచినట్టే. ఒకే వార్తను ఇద్దరు విడివిడిగా చదివి ఒకే గడిలో వేశారా లేదా అని సరిచూసే అలవాటు కూడా ముందే చేసుకోండి.

పాత పత్రికల కోసం హైదరాబాద్ వెళ్లక తప్పదు. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ముందు చూడాల్సినవి. సుందరయ్య కేంద్రంలో ఉర్దూ సేకరణ పెద్దది. ఇక్కడ ఉర్దూ ఊరికే అనడం లేదు. ఫ్యాక్టరీ పుట్టిన 1937లోనే నిజామాబాద్‌లో ఆరో ఆంధ్ర మహాసభ జరిగింది. దానికి అధ్యక్షుడు మందుముల నరసింగరావు, 'రయ్యత్' అనే ఉర్దూ పత్రిక నడిపిన సంపాదకుడు. తెలుగు వాళ్ల సభకు ఉర్దూ పత్రికా సంపాదకుడు అధ్యక్షత వహించిన ఊరిది. ఇక్కడి పత్రికల చరిత్ర ఒక్క తెలుగుతో పూర్తికాదు. మీకు ఉర్దూ చదవడం రాకపోతే నేర్చుకోండి, లేదా బోధన్‌లో ఉర్దూ పత్రికలకు రాసే మిత్రుడితో కలిసి పనిచేయండి.

ఎక్కడ చదవాలన్నదానికి దగ్గరి జవాబు డిచ్‌పల్లి. 2006లో మొదలైన తెలంగాణ విశ్వవిద్యాలయంలో మాస్ కమ్యూనికేషన్ విభాగం ఉంది. ఉస్మానియాలో జర్నలిజం బోధన 1954 నుంచి సాగుతోంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ కమ్యూనికేషన్ ఉంది, సిద్ధాంతం గట్టిగా చదవాలంటే అది. ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయంలోనూ జర్నలిజం ఉంది. ఉర్దూ మాధ్యమంలో చదివినవాళ్లకు గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. మరాఠీ వచ్చిన బోధన్ సరిహద్దు వాళ్లకు నాందేడ్‌లోని స్వామి రామానంద తీర్థ విశ్వవిద్యాలయంలో మీడియా స్టడీస్ కూడా అందుబాటులోనే ఉంది, దాన్ని ఇక్కడివాళ్లు ఎందుకో పట్టించుకోరు.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీజీ సీటుకు ఏటా ఉస్మానియా నిర్వహించే సీపీగెట్ రాయాలి. జర్నలిజం పీజీకి ఏ డిగ్రీ ఉన్నవాళ్లయినా రాయొచ్చు. రెగ్యులర్ కోర్సుకు హాజరు కావాలి, మధ్యాహ్నం దాకా క్లాసులో ఉండి సాయంత్రం వార్త పంపగలరేమో మీ ఇన్‌ఛార్జితో ముందే మాట్లాడుకోండి. పీజీలో మార్కులు తక్కువ వస్తే తర్వాతి తలుపులన్నీ మూసుకుంటాయి. నెట్‌కైనా, పీహెచ్‌డీకైనా 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులకు 50.

యూజీసీ నెట్ ఏటా రెండుసార్లు, జూన్, డిసెంబర్ పేర్లతో జరుగుతుంది. మూడు గంటలు, 150 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పుకు కోత లేదు. మొదటి పేపరు బోధన, పరిశోధన సామర్థ్యం మీద, రెండోది మన సబ్జెక్టు మీద. ప్రశ్నపత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లకు అసలు గోడ ఇదే. విషయం తెలిసి కూడా ప్రశ్న అర్థం కాక మార్కు పోతుంది. రోజూ గంట ఇంగ్లిషులో సిద్ధాంత పుస్తకం చదివి, చదివిందాన్ని తెలుగులో పది వాక్యాలు రాయండి. రాబిన్ జెఫ్రీ భారతీయ భాషా పత్రికల మీద రాసిన పుస్తకంతో మొదలుపెట్టండి. జిల్లా టాబ్లాయిడ్ ఎలా పుట్టిందో, అది పత్రికల వ్యాపారాన్ని ఎలా మార్చిందో ఈనాడు ఉదాహరణతో అందులో ఉంటుంది. మీకు తెలిసిన లోకం గనుక భాష తొందరగా లొంగుతుంది.

వయసు లెక్క ఇక్కడే వేసుకోవాలి. నెట్ ద్వారా వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు ముప్పై ఏళ్లు దాటకూడదు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు, మహిళలకు అయిదేళ్ల సడలింపు ఉంది. ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. మండలంలో లైన్ అకౌంట్‌తో వచ్చేది, యాడ్ కమీషన్‌తో కలిపి కూడా, దీనికి చాలా దూరంలో ఉంటుందని మీకే తెలుసు. అందుకని ఆ వయసు లోపల ఉన్నవాళ్లకు నా సలహా ఒక్కటే. ఓ ఏడాది వార్తలు తగ్గించి అయినా నెట్ గట్టిగా రాయండి, వస్తే పూర్తికాలం పరిశోధనలోకి వెళ్లండి. ముఖ్యంగా మహిళా విలేకరులు. మీకు వయసులో సడలింపే కాదు, పీహెచ్‌డీ పూర్తికి అదనంగా రెండేళ్ల గడువు, 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు కూడా నిబంధనల్లో ఉన్నాయి. అడిగి తీసుకోండి.

వయసు దాటి, ఇల్లు నడపాల్సిన వాళ్లకు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ దారి ఉంది. 2022 యూజీసీ నిబంధనలు దాన్ని ఒప్పుకున్నాయి. కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్ల గడువు, మొదట కోర్స్‌వర్క్. నెట్ మార్కులతో పీహెచ్‌డీలో చేరేవాళ్లకు నెట్‌కు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం. ఆ మార్కులు ఏడాదే చెల్లుతాయి. ఇందులో ఒక ముల్లు ఉంది. పార్ట్‌టైమ్ వాళ్లు యజమాని నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తేవాలి, పరిశోధనకు సమయం ఇస్తామని, అవసరమైతే కోర్స్‌వర్క్‌కు వదులుతామని అందులో ఉండాలి. నియామక పత్రమే లేని కంట్రిబ్యూటర్‌కు ఆ కాగితం ఎవరిస్తారు? దరఖాస్తుకు ముందే విశ్వవిద్యాలయ పరిశోధన విభాగానికి వెళ్లి, మీ పరిస్థితిలో ఏ పత్రం చెల్లుతుందో రాతపూర్వకంగా అడగండి. మాటమీద నమ్మి చేరితే కాగితాల దగ్గర ఆగిపోతారు. ఎన్నికల ఏడాదిలో కోర్స్‌వర్క్ పెట్టుకోకండి, రెండిట్లో ఏదో ఒకటి చెడుతుంది.

గైడ్ దొరకడం సీటు దొరకడం కంటే కష్టం. ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని మించి ఒకేసారి పర్యవేక్షించకూడదు. పదవీ విరమణకు మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. శాశ్వత అధ్యాపకులు కొద్దిమందే ఉన్న విభాగంలో ఈ లెక్కలు వేస్తే మిగిలే ఖాళీలు వేళ్ల మీద లెక్కించొచ్చు. గైడ్‌ను కలవబోయే ముందు ఆయన లేదా ఆమె రాసిన రెండు వ్యాసాలు చదవండి, మీ ప్రశ్న రెండు పేజీల్లో రాసి తీసుకెళ్లండి. ప్రెస్ కార్డు చూపించి పరిచయం చేసుకోవద్దు. ఆ గదిలో మీరు విద్యార్థి.

రాతలో ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. ప్రజావాణి నుంచో, ప్రెస్‌మీట్ నుంచో వచ్చాక ఒకరు వార్త రాసి గ్రూపులో పెడితే మిగతావాళ్లు తలా రెండు మాటలు మార్చి పంపడం ఈ వృత్తిలో మామూలైపోయింది. ఆ అలవాటుతో సిద్ధాంత గ్రంథం రాస్తే మునిగిపోతారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక పది శాతం దాటితే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, నలభై దాటితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మీరు ఇదివరకు అచ్చువేసిన మీ వార్తను వాడుకున్నా అది మీదేనని, ఎక్కడ వచ్చిందో చెప్పే వాడాలి.

మనుషులతో మాట్లాడే తీరు కూడా మారాలి. లేఆఫ్ అయిన కార్మికుడి దగ్గరికి ఇన్నాళ్లూ విలేకరిగా వెళ్లారు. ఇప్పుడు పరిశోధకుడిగా వెళ్తే, రేపు పేపర్లో వస్తుందని, బకాయి సంగతి తేలుతుందని ఆయన ఆశపడతాడు. ఇది వార్త కోసం కాదని, దీనివల్ల వెంటనే ఏదీ జరగదని మొదటి మాటగా చెప్పండి. పేరు వెయ్యాలా వద్దా ఆయన్నే అడిగి సంతకం తీసుకోండి. విలేకరిగా ఎవరో ఆఫ్ ది రికార్డ్ చెప్పింది పరిశోధనలోకి లాగకండి. తోటి కంట్రిబ్యూటర్ల మీద పరిశోధన చేస్తే వాళ్ల మండలం పేరు చెప్పినా మనిషి తెలిసిపోతాడు, యాడ్ టార్గెట్ గురించి నోరువిప్పిన మనిషి ఉపాధి పోగొట్టుకోవచ్చు. ఆ బాధ్యత మీదే.

బోధన మాటకొస్తే, 2023 జూలై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు నెట్ లేదా రాష్ట్ర స్థాయి సెట్ కనీస అర్హత, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. కాబట్టి పాఠం చెప్పడమే మీ లక్ష్యమైతే ముందు నెట్, సెట్ మీద దృష్టి పెట్టండి. శాశ్వత పోస్టుల నోటిఫికేషన్ల మీద మాత్రం ఇల్లు కట్టుకోకండి, గెస్ట్, పార్ట్‌టైమ్ బోధనతోనే చాలామంది మొదలుపెడతారు, అక్కడే ఏళ్లు గడుస్తాయి. ఫెలోషిప్ లేకుండా చేతిలో పని వదలొద్దనేది అందుకే. కనీసం పదిహేనేళ్ల అనుభవం, వృత్తిలో పేరు ఉన్న సీనియర్లకు 2022లో యూజీసీ తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ దారి ఉంది. దానికి డిగ్రీల నియమం లేదు, మీడియా కూడా అందులో ఉంది, మొత్తం మీద నాలుగేళ్లకు మించదు. కాకపోతే క్లాసులో పాత సాహసాలు చెప్పుకుంటూ పోతే పిల్లలకు ఏమీ మిగలదు. ఒక ఎఫ్‌ఐఆర్ ఇచ్చి దాన్నుంచి వార్త రాయించండి, రాసిన ప్రతి కాగితం ఎర్ర సిరాతో దిద్ది మర్నాడే ఇవ్వండి. డెస్కులో మీకు ఎవరూ దిద్ది చూపించకపోయి ఉంటే ఆ లోటు వాళ్లకు రానీయకండి.

చివరగా, అడ్మిషన్ వచ్చేదాకా ఆగకూడని పని ఒకటుంది. 2002లో ఫ్యాక్టరీలో పనిచేసిన కార్మికులు, అప్పటి చెరకు రైతు నాయకులు, ఆ వార్తలు రాసిన మొదటి తరం విలేకరులు ఇప్పుడు వయసు మీదపడ్డవాళ్లు. ఫోన్లో రికార్డు చేయండి. మాట మొదట్లోనే తేదీ, చోటు, ఆయన అనుమతి ఆయన గొంతుతోనే పలికించండి. ఆ రోజే ఇంకో చోట కాపీ దాచండి. కట్టింగులకు వెనక పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు రాయండి, తేదీ లేని కట్టింగును ఏ పరీక్షకుడూ ఒప్పుకోడు. ఈ ఆదివారం బీరువా తెరిచి అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.